తూర్పు కనుమల నిధి ఐతిహ్యాలు: కాపలా, నిషేధం, హక్కు

వ్యాససంగ్రహం

కొండల్లో, లోయల్లో, గుహల్లో ఎవరో దాచిపెట్టిన సంపద ఉందన్న కథలు అనేక సమాజాల్లో కనిపిస్తాయి. తెలుగు ప్రాంతంలో ఇవి ‘గుప్తనిధులు’, ‘లంకెబిందెలు’ అన్న పేర్లతో ప్రచారంలో ఉన్నాయి. ఇటువంటి కథలను నిధి ఆచూకీ చెప్పే ఆధారాలుగా గాక, కొండ సంపదను ఎవరు, ఏ నియమంతో, ఎంత మూల్యం చెల్లించి తీసుకోవచ్చునో చెప్పే సామాజిక ప్రకటనలుగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అరకు, పాడేరు ప్రాంతాల్లోని మత్స్యగుండం, బొర్రా గుహల స్థలైతిహ్యాలు, గొలుగొండ మండలంలోని రంగురాళ్ళ తవ్వకాలు ఇందుకు ప్రధాన ఆధారాలు. ప్రాచీన ధర్మశాస్త్ర, శాసన సంప్రదాయాలను, 1878 నాటి నిక్షేప చట్టాన్ని, 1997 నాటి సమతా తీర్పును వీటితో కలిపి పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: గుప్తనిధులు, స్థలైతిహ్యం, తూర్పు కనుమలు, మత్స్యగుండం, బొర్రా గుహలు, రంగురాళ్ళు, సమతా తీర్పు

1. ఉపోద్ఘాతం

స్పానిష్ సేనాని కొరొనాడో 1540-42 సంవత్సరాల్లో స్వర్ణనగరాల కోసం ఉత్తర అమెరికా నైరుతి ప్రాంతమంతా గాలించాడు. ఆ దండయాత్రలోని ఒక బృందమే యూరోపియన్లలో మొదటిసారిగా గ్రాండ్ కాన్యన్‌ను చూసింది. బంగారం మాత్రం దొరకలేదు. అయినా, స్పానిష్‌వారు లోయల్లో బంగారం దాచి వెళ్ళారన్న కథలు ఆ తరువాత మూడు, నాలుగు శతాబ్దాలపాటు పెరుగుతూనే వచ్చాయి. టెక్సాస్‌కు చెందిన జానపద విద్వాంసుడు జె. ఫ్రాంక్ డోబీ ఆ కథలను సేకరించి 1930లో ప్రచురించిన గ్రంథానికి ‘కొరొనాడో సంతానం’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. నిధిని వెదికేవారందరూ ఆ విఫలయాత్రికుని వారసులేనన్న భావం ఆ పేరులో ఉంది.

తూర్పు కనుమలకు స్పానిష్‌వారు రాలేదు. కాని కథా నిర్మాణం పరిచితమైనదే. అక్కడ స్పానిష్ సైనికులు ఉన్న చోట ఇక్కడ గజపతులు, రెడ్డిరాజులు, పాళెగాళ్ళు, జమీందారులు ఉంటారు. ఓడిపోయిన పాలకుడు సంపదను కొండలో దాచి వెళ్ళాడనడం, దానికి సర్పమో భూతమో కాపలా ఉందనడం, నియమం తప్పి తాకినవారు నశించారనడం రెండు చోట్లా సమానం. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాంతాల్లో ఒకే నిర్మాణం కనిపించినప్పుడు, ఆ కథల్లోని బంగారం నిజమా కాదా అన్న ప్రశ్నకన్న, ఆ నిర్మాణం ఏ సామాజిక అవసరాన్ని తీరుస్తున్నదన్న ప్రశ్న పరిశోధనకు ఎక్కువ ఉపకరిస్తుంది.

2. నిధి భావన: పదజాలం, ధర్మశాస్త్రం, శాసనం

తెలుగులో నిధి, నిక్షేపం, పాతర, లంకెబిందెలు అన్న మాటలు దగ్గరి అర్థాల్లోనే వాడుకలో ఉన్నా, వాటి మధ్య సూక్ష్మభేదం ఉంది. నిధి అనగానే యజమాని ఎవరో తెలియని సంపద స్ఫురిస్తుంది. నిక్షేపమంటే ఒకరు ఉద్దేశపూర్వకంగా ఉంచినది. పాతర ధాన్యం దాచుకునే గొయ్యి. దాచుకోవడం ఇంటింటి అలవాటుగా ఉన్న రోజులను ఆ మాట గుర్తుచేస్తుంది. గొలుసుతో కలిపిన జంటపాత్రలను సూచించే ‘లంకెబిందెలు’ పూర్తిగా ఐతిహ్యానికి చెందిన పదం.

దొరికిన నిధి ఎవరిదన్న ప్రశ్నను ప్రాచీన శాస్త్రకారులు విస్మరించలేదు. నిధి తనదేనని సత్యంగా నిరూపించుకున్నవాని నుండి రాజు ఆరవ వంతో, పన్నెండవ వంతో తీసుకోవాలని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం నిర్దేశించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం గనిని, రత్నాన్ని, నిధిని ఒకే సూత్రంలో చేర్చి, వాటి ఉనికిని తెలియజేసినవానికి ఆరవ వంతు, అతడు రాజభృత్యుడైతే పన్నెండవ వంతు ముట్టజెప్పాలన్నది. లక్షకు మించిన నిధి మాత్రం రాజుకే చెందుతుందన్నది. ప్రకృతిసిద్ధమైన ఖనిజాన్ని, మనిషి దాచిన ధనాన్ని ఈ సూత్రం విడదీయకపోవడం ఈ చర్చకు ముఖ్యం.

మధ్యయుగ దానశాసనాల్లో ఈ హక్కు ‘అష్టభోగాల’ రూపంలో కనిపిస్తుంది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలతో కూడిన భూమిని దానమిస్తున్నట్లు శాసనాలు పేర్కొంటాయి. అగ్రహారం పొందినవానికి నేలపై పంటతోపాటు నేలలోని నిధి, నీరు, రాయి కూడా దఖలుపడేవి. ఈ హక్కులు మైదాన ప్రాంతపు దానగ్రహీతల పేర రాగిరేకులకు, రాళ్ళకు ఎక్కాయి. కొండల్లో పోడు కొట్టుకుని బతికిన సమాజాలకు తమ పేర అటువంటి రాతపత్రాలు లేవు. కనుక ఆ నేలలోని సంపదపై వారికున్న భావాన్ని మౌఖిక సంప్రదాయంలోనే వెదకాలి.

3. ఐతిహ్య నిర్మాణం

స్టిత్ థామ్సన్ రూపొందించిన జానపద సాహిత్య కథాంశ సూచికలో నిధికి సంబంధించిన కథాంశాలు ‘ఎన్’ విభాగంలో 500 నుండి 599 వరకు ఉన్నాయి. నిధి ఉన్న చోటు, దానిని కనుగొనే పద్ధతి, దానిని కాచే శక్తి, తవ్వకంలో ఎదురయ్యే ఆటంకం అందులో వేర్వేరు వర్గాలు. తెలుగు కథల్లో అంజనం వేసి చూడడం కనుగొనే పద్ధతికి చెందుతుంది. నాగుపాము, భూతం కాపలాకు చెందుతాయి. బలి కోరడం ఆటంకానికి, దాని నివారణకు చెందుతుంది. ఈ వివరాలన్నిటినీ కాపలా, నిషేధం, శిక్ష అన్న మూడు అంశాలకు కుదించవచ్చు.

ఈ కథల సామాజిక ప్రయోజనాన్ని వివరించినవారిలో జార్జి ఫాస్టర్ ముఖ్యుడు. మెక్సికోలోని త్సిన్‌త్సున్‌త్సాన్ గ్రామాన్ని అధ్యయనం చేసిన ఆయన 1964లో ఒక వ్యాసం ప్రచురించాడు. గ్రామంలోని సంపద మొత్తం పరిమితమని నమ్మే సమాజంలో ఒకరు హఠాత్తుగా ధనవంతుడైతే, ఇతరుల వాటాను కాజేశాడన్న అనుమానం కలుగుతుంది. అతనికి నిధి దొరికిందని చెప్పుకుంటే, ఆ ధనం గ్రామం వెలుపలి నుండి వచ్చినట్లవుతుంది. ఇదీ ఆయన వివరణ సారాంశం. ఉన్నట్టుండి మేడ కట్టినవానిని చూసి ‘లంకెబిందెలు దొరికాయేమో’ అనే తెలుగు వాడుకకు ఈ వివరణ అక్షరాలా సరిపోతుంది.

అయితే ఫాస్టర్ సూత్రం నిధి దొరికిన తరువాతి కథలను వివరించినంతగా, నిధిని తాకరాదనే కథలను వివరించదు. తూర్పు కనుమల స్థలైతిహ్యాల్లో ఈ రెండవ రకమే ప్రధానం. దానికి ఆధారం కొండ సమాజాల ఆచారాల్లోనే ఉంది. బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జ, గదబ, కోందు తదితర తెగలు నివసించే ఈ ప్రాంతంలో ‘కొత్త’ పండుగలు జరుగుతాయి. మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త వంటి సందర్భాల్లో తొలి పంటను దేవతకు సమర్పించిన తరువాతనే ఊరు దానిని భుజిస్తుంది. పండు పక్వానికి వచ్చినంత మాత్రాన అది కోసుకునేవాని సొత్తు కాదు. అనుమతి ముందు, అనుభవం తరువాత. కాపలా, నిషేధం, శిక్ష అనే కథా నిర్మాణానికి మూలమైన నీతి ఇదే.

4. మత్స్యగుండం: శిలగా మారిన వర్తకుడు

ప్రస్తుత అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలం మఠం గ్రామ సమీపంలో నదికి అడ్డంగా పెద్ద బండల వరుస ఉంది. ప్రవాహం ఆ బండల కింద అదృశ్యమై, కొంత దూరంలో మళ్ళీ పైకి వస్తుంది. అక్కడి మడుగే మత్స్యగుండం. ఆ చేపలను ఎవరూ పట్టరు. శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది.

డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ స్థలానికి సంబంధించిన కథను నమోదు చేసింది. ఒక బ్రింజారి, అంటే లంబాడీ వర్తకుడు, ఇక్కడి చేపను పట్టి కూర వండుకున్నాడు. చేపల రాజు శపించగా అతడూ, అతని బరువుల ఎద్దులూ రాళ్ళయిపోయారు. అక్కడి బండలే వారు.

ఈ కథలో బంగారం లేదు. కాని నిధి ఐతిహ్యపు మూడు అంశాలూ సంపూర్ణంగా ఉన్నాయి. చేపల రాజు కాపలాదారుడు, పట్టరాదన్నది నిషేధం, శిలాత్వం శిక్ష. దోషి ఎవరన్నది గమనించవలసిన విషయం. తీరం నుండి ఉప్పును కొండలకు, కొండల నుండి ధాన్యాన్ని మైదానానికి మోసిన వర్తకులు బ్రింజారులు. కొండ సంపద వెలుపలికి పోయే దారిలో కనిపించే మనిషి అతడు. కథ అతనినీ, అతని ఎద్దులనూ దారి మధ్యలోనే నిలిపివేసింది. దారినపోయే సంచారజాతిపై స్థిరనివాసులకుండే అపనమ్మకం కూడా ఇందులో వ్యక్తమవుతున్నది. దానిని చరిత్రగా స్వీకరించరాదు.

ఈ ఐతిహ్యానికి మరొక పార్శ్వం ఉంది. ఒడ్డాదిని పాలించిన మత్స్యవంశపు అర్జునుడు 1269లో వేయించిన దిబ్బిడ తామ్రశాసనం, ఆ వంశ మూలపురుషుడైన సత్యమార్తాండుడు మత్స్యగర్భాన జన్మించినట్లు వర్ణిస్తుంది. తరువాతి కాలపు మాడుగుల జమీందారులు తాము మత్స్యదేశాధీశుల సంతతివారమని చెప్పుకున్నారు. మీన ధ్వజాన్ని, మీనాకారపు సంతకాన్ని వాడారు. మత్స్యగుండంలోని చేపలకు రక్షణ కల్పించినవారూ వారే. అందుచేత ఈ నిషేధం కేవలం గిరిజన సమాజానిదని గాని, కేవలం రాజవంశానిదని గాని నిర్ధారించలేము. దైవత్వం, రాజ్యాధికారం, ఊరి కట్టుబాటు ఒకే మడుగుపై మూడు పొరలుగా పేరుకున్నాయి. ఐతిహ్యం హక్కును ప్రకటిస్తుంది. ఆ హక్కు ఎవరిదన్నది కాలాన్ని బట్టి మారుతుంది.

5. బొర్రా గుహలు: ఆవు కథ, అధికారి కథ

అనంతగిరి మండలంలోని బొర్రా గుహలు సున్నపురాతిలో నీరు చేసిన పని. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు సున్నపురాతిని కరిగిస్తుంది. పైకప్పు నుండి జారే చుక్కలు వదలిన కాల్సైటు పేరుకుని పైనుండి వేలాడే ఊడలు, కింది నుండి లేచే స్తంభాలు ఏర్పడతాయి. స్థానిక కథ ప్రకారం, మేస్తున్న ఆవు గుహ పైకప్పులోని బిలం గుండా లోపల పడింది. దానిని వెదుకుతూ వచ్చిన కాపరికి అది క్షేమంగా కనిపించింది, దాని చెంత శివలింగం దర్శనమిచ్చింది. గోస్థని అన్న నది పేరును ఈ కథతో ముడిపెడతారు.

బిలంలోకి దిగినవానికి అమూల్యమైనది లభించడం నిధి కథల సాధారణ అంశం. ఇక్కడ లభించినది లింగం. దానిని ఇంటికి తీసుకుపోవడం కుదరదు, అక్కడే పూజించాలి. నిధిని కదలని వస్తువుగా మార్చడం ద్వారా కథ ఆ స్థలాన్ని సమష్టి సొత్తుగా నిలిపింది.

ఇదే గుహకు మరొక ‘ఆవిష్కరణ’ కథ ఉంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1807లో ఈ గుహలను కనుగొన్నాడని పర్యాటక రచనలు పదేపదే చెబుతాయి. ఆ సంస్థ స్థాపన జరిగినది 1851లో. విలియం కింగ్ దాని అధిపతిగా పనిచేసినది 1887 నుండి 1894 వరకు. కనుక ఆ సంవత్సరం, ఆ సంస్థ, ఆ వ్యక్తి ఒకచోట కుదరవు. ఆవు కథ విశ్వాసంగా చెప్పబడుతుంది. అధికారి కథ చరిత్రగా చెప్పబడుతుంది. ఐతిహ్యం మౌఖిక సమాజాల్లోనే పుడుతుందన్న భావనను ఈ ఉదాహరణ సవరిస్తుంది. ముద్రిత రచనలు కూడా ఐతిహ్యాలను సృష్టిస్తాయి, అదీ సంవత్సరాల అంకెలతో సహా.

6. రంగురాళ్ళు: నిజమైన నిధి

తూర్పు కనుమల విషయంలో నిధి కథలన్నీ కల్పనలని కొట్టివేయడానికి వీలులేదు. ఇక్కడి ప్రధాన శిల ‘ఖోండలైటు’. కోందుల పేర ఆ శిలకు 1902లో టి. ఎల్. వాకర్ ఈ నామకరణం చేశాడు. ఆ శిలపైనే గాలికొండ, రక్తకొండ వంటి చోట్ల బాక్సైటు పొరలు ఏర్పడ్డాయి. ఆ శిలల మధ్య చొచ్చుకువచ్చిన పెగ్మటైటు పట్టీల పరిసరాల్లో క్రైసోబెరిల్ జాతి మణులు లభిస్తాయి. పిల్లికన్నులా మెరిసే వైడూర్యం, పగటివెలుగులో ఆకుపచ్చగా, దీపపు వెలుగులో ఎరుపుగా కనిపించే అలెగ్జాండ్రైటు ఈ జాతికి చెందినవే. వీటన్నిటికీ స్థానిక వాడుకలో ఒకటే పేరు: రంగురాళ్ళు.

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని కరక కొండ ఈ రాళ్ళ అక్రమ తవ్వకాలకు పేరుపడింది. అటవీభూమి కనుక తవ్వకం చట్టవిరుద్ధం. అందువల్ల తవ్వకం రాత్రిపూట, ఆసరా కట్టని సన్నని సొరంగాల్లో జరుగుతుంది. వానలకు నానిన మట్టి విరిగిపడి కూలీలు మరణించిన ఘటనలు ఉన్నాయి. లోపలికి దిగేది రోజుకూలి. రాయి విలువ తెలిసినది దళారికి. లాభం దక్కేది సానపట్టి అమ్మే దూరప్రాంతపు వ్యాపారికి. నిధి బలి కోరుతుందన్న పాత మాటను ఈ ఆర్థిక వ్యవస్థ తనదైన రీతిలో నిజం చేస్తున్నది. కథలో బలి కోరేది భూతం. ఇక్కడ ప్రమాదాన్ని కూలికి, విలువను వ్యాపారికి పంచిపెట్టే ఏర్పాటే ఆ పని చేస్తున్నది.

7. ఐతిహ్యాన్ని పటంగా చదివితే

ఐతిహ్యాన్ని నిధికి దారిచూపే పటంగా భ్రమించడం వల్ల కలిగే నష్టం చరిత్రకు సంబంధించినది కూడా. 18వ శతాబ్ది చివర అమరావతి స్తూపపు దిబ్బను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తవ్వించాడు. కట్టడాలకు రాయి, ఇటుక కావలసి రావడంతోపాటు, లోపల నిధి ఉంటుందన్న ఆశ కూడా అందుకు కారణం. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి చేరేసరికే స్తూపం విధ్వంసానికి గురైంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకంలో అక్కడి స్తూపం నుండి ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటిలో బంగారుపూల వంటి విలువైన వస్తువులు ఉన్నాయి. కాని వాటి శిలాపేటికలపై ఉన్న బ్రాహ్మీలిపి రాతలే దక్షిణాది లిపుల పరిణామ చరిత్రకు కీలకమైన ఆధారమయ్యాయి. నిధి వేటగానికి ఆ పేటిక పగులగొట్టవలసిన రాయి మాత్రమే.

ఈ భ్రమ వ్యక్తులకే పరిమితం కాలేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో, వేయి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకు వచ్చిన కల నేపథ్యంలో, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తవ్వకాలు జరిపింది. బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఆశించిన నిధి అక్కడా లభించలేదు. ప్రభుత్వమే ఐతిహ్యాన్ని పటంగా చదివినప్పుడు, మారుమూల ఆలయాల్లో విగ్రహాల కింద తవ్వేవారికి పరోక్షంగా సమర్థన లభిస్తుంది.

8. చట్టం: విడిపోయిన మూడు హక్కులు

1878 నాటి భారతీయ నిక్షేప చట్టం నేలలో దాగిన విలువైన వస్తువును నిక్షేపంగా నిర్వచించింది. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. యజమాని లేనిదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, కనుగొన్నవానికి మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు చెందుతాయి. తగిన మూల్యం చెల్లించి ప్రభుత్వం దానిని తీసుకోవచ్చు. పురావస్తువులకు 1972 నాటి చట్టం, ఖనిజాలకు 1957 నాటి చట్టం వర్తిస్తాయి. అర్థశాస్త్రం ఒకే సూత్రంలో ఉంచిన గని, రత్నం, నిధి ఈ విధంగా వేర్వేరు చట్టాల కిందికి, వేర్వేరు శాఖల కిందికి వచ్చాయి. కొండదేవత పరిధిలో మాత్రం అవి నేటికీ విడిపోలేదు.

ఈ విభజనను పాక్షికంగానైనా సరిదిద్దినది బొర్రా ప్రాంతం నుండే వచ్చిన వ్యాజ్యం. అనంతగిరి మండలంలోని గిరిజన భూముల్లో గిరిజనేతర సంస్థలకు ఇచ్చిన ఖనిజ లీజులను సమతా అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన అటువంటి లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. భూబదలాయింపు నిబంధనల్లోని ‘వ్యక్తి’ అన్న పదంలోకి ప్రభుత్వం కూడా వస్తుందని స్పష్టం చేసింది. 2013లో ఒడిశాలోని నియమగిరి విషయంలో అదే న్యాయస్థానం మరొక అడుగు వేసి, కొండపై డోంగ్రియా కోందుల ధార్మిక హక్కులను పరిశీలించే బాధ్యతను గ్రామసభలకు అప్పగించింది. పన్నెండు గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. కొండ దైవానిదన్న మౌఖిక ప్రకటన ఆ సందర్భంలో న్యాయప్రక్రియలో భాగమైంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

• తూర్పు కనుమల స్థలైతిహ్యాల్లో నిధి కన్న నిధిని తీసుకునే నియమమే ప్రధానం. ‘కొత్త’ పండుగల్లోని ముందస్తు అనుమతి భావన వాటికి ఆధారం.

• మత్స్యగుండం ఉదాహరణ చూపినట్లు, ఐతిహ్యంలోని హక్కు ప్రకటనపై గిరిజన సమాజం, రాజవంశం రెండూ తమ ముద్ర వేశాయి. ఏ కథనైనా ఒకే వర్గానికి ఆపాదించే ముందు పొరలను విడదీసి చూడాలి.

• రంగురాళ్ళ ఉదంతం నిధి ఉనికి ఐతిహ్యాన్ని రద్దు చేయదని తెలుపుతుంది. నిజంగా సంపద ఉన్నచోటే నియమం అవసరం ఎక్కువ.

• ఐతిహ్యాన్ని పటంగా చదివితే కట్టడం నశిస్తుంది, ప్రాణాలు పోతాయి, బంగారం దొరకదు. హక్కు ప్రకటనగా చదివితే, రాతపత్రాలు లేని సమాజాల ఆస్తిభావనకు అది ఆధారమవుతుంది.

కనుక క్షేత్రపరిశోధకులు నిధి కథలను సేకరించేటప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరు దాచారన్న ప్రశ్నల దగ్గర ఆగకూడదు. ఎవరు తీయకూడదంటారు, ఎవరి అనుమతితో తీయవచ్చంటారు, తీసినవారిలో ఎవరు శిక్షకు గురయ్యారంటారు అన్న వివరాలను కథ చెప్పినవారి మాటల్లోనే నమోదు చేయాలి. స్థలపు ఆనవాళ్ళను ప్రచురించే విషయంలో సంయమనం పాటించడం కూడా పరిశోధకుని బాధ్యతే. పరిశోధన వ్యాసమే మరొక తవ్వకానికి దారిచూపే పటం కారాదు.